శనివారం మధ్యాహ్నం, పప్పు నానబెట్టే వేళ

ప్రశ్న:

అక్కా, మాది ఆమదాలవలస. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో నేనూ మా ఆయనా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. తెల్లవారుజామున మూడున్నరకి లేస్తాం. పదకొండు దాకా గిరాకీ ఉంటుంది. గిన్నెలు తోమడానికి ఒక పిన్ని, పూరీలు ఒత్తడానికి ఇంకొక ఆవిడ వస్తారు. మామూలు రోజుల్లో గల్లా రెండున్నర, మూడు వేలు. ఆదివారం నాలుగున్నర వేలు దాటుతుంది. రోజూ ఐదొందలు ఫైనాన్స్ వాళ్ళకి కట్టాలి, వాళ్ళకి ఆదివారం లేదు. పైగా పాప ఇంటర్ ఫీజు.

నేను ఆదివారం పూజకి వెళ్ళి ఆరు నెలలు దాటింది. పోయిన నెల ఒక ఆదివారం ధైర్యం చేసి షాపు మూసి చర్చికి వెళ్ళాను. ఫాదర్ గారు ప్రసంగం చెప్తుంటే నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఈ పాటికి ఎన్ని ప్లేట్లు పోయేవి, పక్క సెంటర్‌కి ఎంతమంది వెళ్ళి ఉంటారు అని. ఇంటికొస్తే మా అత్తగారు "దేవుడొచ్చి దోసెలేస్తాడా?" అన్నారు. వేరే సంఘానికి వెళ్ళే స్నేహితురాలేమో "విశ్రాంతి దినం పాటించమన్న నాలుగో ఆజ్ఞ మీరుతున్నావు" అంటోంది. నాకు దేవుడి మీద నిజంగా నమ్మకం లేదా? షాపు మూసేస్తేనే నమ్మకం ఉన్నట్టా? ఏం చెప్పాలో తెలియక, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి కూడా వెళ్ళడం మానేశాను.

ఒక సోదరి, ఆమదాలవలస

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ప్రసంగం జరుగుతుంటే లెక్కలు వేసుకుంటూ కూర్చున్నానని రాశారు. సిగ్గుపడుతూ రాసినట్టున్నారు. నాకైతే మీ ప్రశ్నకి జవాబు అక్కడే కనిపించింది. దానికి వస్తాను. ముందు మీ మనసు మీదున్న బరువు కొంత దించాలి.

ఆదివారం టిఫిన్ సెంటర్ తెరవడమే పాపమని మన కథోలిక శ్రీసభ చెప్పలేదు. 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథంలో, అంటే శ్రీసభ బోధనలు కూర్చిన పుస్తకంలో, 2187వ పేరా చూడండి. ఆటలు, హోటళ్ళు, ప్రజలకి అవసరమైన సేవలు కొందరు ఆదివారం కూడా పని చేస్తేనే నడుస్తాయని ఆ పేరా ఒప్పుకుంటుంది. హోటళ్ళ పేరెత్తి మరీ చెప్పింది. అలా పని చేసేవాళ్ళు కూడా తమకి తగినంత విశ్రాంతి సమయం చూసుకోవాలని దాంతోపాటే చెప్పింది. దానికి రెండు పేరాల ముందు, కుటుంబ అవసరం ఉన్నవాళ్ళకి ఆదివారం విశ్రాంతి విషయంలో మినహాయింపు ఉంటుందనీ, అయితే ఆ మినహాయింపు అలవాటుగా మారి భక్తినీ, కుటుంబాన్నీ, ఆరోగ్యాన్నీ పాడుచేయకుండా చూసుకోవాలనీ ఉంది. మూడున్నరకి లేచే మనిషికి ఆ మూడింటిలో ఏది ముందు దెబ్బ తింటుందో నేను చెప్పక్కర్లేదు.

మీ స్నేహితురాలు నాలుగోదన్న ఆజ్ఞ మన కథోలికుల లెక్కలో మూడోది. ఆజ్ఞ ఒకటే, వరస పెట్టడంలో తేడా. దాని గురించి వాదన పెట్టుకోకండి.

పూజ సంగతి మాత్రం వేరు. విశ్రాంతినీ పూజనీ మీరు ఒకే ముడిగా కట్టేశారు. షాపు మూయలేను కాబట్టి పూజకి వెళ్ళలేను, పూజకి వెళ్ళలేదు కాబట్టి ఫాదర్ గారికి ముఖం చూపించలేను అనే దాకా వచ్చారు. ఆ ముడి విప్పండి. శ్రీసభ చట్టం 1248 ప్రకారం శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారం బాధ్యత నెరవేరినట్టే. మీకు దగ్గర్లో ఏ చర్చిలో శనివారం సాయంత్రం పూజ ఉందో, ఆదివారం సాయంత్రం ఎక్కడ ఉందో కనుక్కోండి. ఏదీ కుదరకపోతే మీ విచారణ గురువులతో, అంటే మీ చర్చి ఫాదర్ గారితో, నేరుగా మాట్లాడండి. సరైన కారణం ఉన్నప్పుడు ఒక మనిషికి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇవ్వడానికో, దాని బదులు వేరే భక్తి కార్యం చెప్పడానికో 1245వ చట్టం ఆయనకి అధికారం ఇస్తోంది. ఇదంతా ఉన్నది మీలాంటివాళ్ళ కోసమే. కారణం లేకుండా, తెలిసి పూజ మానేయడం చిన్న విషయం కాదు, అది మీకూ తెలుసు. అందుకే ఈ వారమే పాపసంకీర్తనానికి వెళ్ళండి. ఏం చెప్పాలో తెలియడం లేదన్నారు కదా, నాకు రాసింది ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పండి. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నా చిన్నతనంలో మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. అప్పటికి మీ శ్రీకాకుళం, మా విజయనగరం రెండూ విశాఖపట్నం మేత్రాసనంలోనే, అంటే అక్కడి బిషప్ గారి పరిధిలోనే ఉండేవి, మన శ్రీకాకుళం మేత్రాసనం వచ్చింది 1993లో. మా ఊరికి ఫాదర్ గారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి గారే ప్రార్థన చెప్పించేవారు. కోతల రోజుల్లో పెద్దవాళ్ళు చీకటితో లేచి, ప్రార్థన చేసుకుని, అటునుంచి అటే పొలానికి పోయేవాళ్ళు. వాళ్ళకి నమ్మకం లేదని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

మొదటి క్రైస్తవులదీ అదే తీరు. వాళ్ళకి ఆదివారం సెలవే లేదు, వాళ్ళలో బానిసలు కూడా ఉన్నారు. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ పాలకుడు చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తుని దేవుడిగా కీర్తిస్తారని చెప్పాడు. తెల్లారితే పనికి పోవాలి మరి. ఆదివారం సెలవని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి చట్టం చేసింది 321లో. అందులో కూడా రైతులకి మినహాయింపు ఇచ్చాడు, విత్తనం వేసే అదును పోతే మళ్ళీ రాదని. ఆ చట్టానికి పదిహేడేళ్ళ ముందు, ఇప్పటి ట్యునీషియాలో ఉన్న అబితినే అనే ఊళ్ళో 49 మందిని ఆదివారం పూజకి కూడినందుకు పట్టుకున్నారు. ఎందుకు కూడారని అడిగితే, ఆదివారపు పూజ లేకుండా మేం బతకలేం అన్నారు. ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1998లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆదివారం గురించి రాసిన "దియెస్ దోమినీ" లేఖలో, కొన్ని శతాబ్దాల పాటు క్రైస్తవులకి ఆదివారం ఆరాధన దినమే తప్ప విశ్రాంతి దినంగా దొరకలేదని గుర్తు చేశారు. ఆ రోజుల్లో పుట్టి ఉంటే మూడున్నరకి లేచే మీరు అందరికంటే ముందు చేరేవాళ్ళు.

ఇక అసలు సంగతి. షాపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నదాని కంటే మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నది భయం. ఆ ఆదివారం షాపు మూసినా భయం మూతపడలేదు, మీతోపాటే చర్చికి వచ్చి బల్ల మీద మీ పక్కనే కూర్చుంది. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12 కూడా ఆదివారమే. మా వీధిలో ఒక్క షాపు తెరవలేదు. ఎవరూ పని చేయలేదు, ఎవరికీ విశ్రాంతి కూడా లేదు. తలుపుకి మంచం అడ్డంపెట్టి దాని మీద కూర్చుని తెల్లవార్లూ జపమాల తిప్పాం. విశ్రాంతికి చేతులు ఖాళీగా ఉంటే చాలదు, మనసు కూడా దేన్నో వదిలిపెట్టాలి.

నిర్గమకాండం 16వ అధ్యాయం ఈసారి తీరిగ్గా చదవండి. ఐగుప్తు నుంచి బయటికొచ్చిన ఇశ్రాయేలీయులకి ఎడారిలో తిండిగా మన్నా రోజూ పొద్దున్నే కురిసేది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. దాచుకుంటే పురుగు పట్టేది. ఆరో రోజు మాత్రం రెండింతలు దొరికేది, అది మర్నాటికి పాడయ్యేది కాదు. ఏడో రోజు ఏమీ ఉండదని మోషే ముందే చెప్పాడు. అయినా కొందరు గిన్నెలు పట్టుకుని బయటికి వెళ్ళారు. ఏమీ దొరకలేదు. చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో వాళ్ళని అత్యాశపరులని చెప్పేవారు. నాకు ఇప్పుడు అలా అనిపించదు. ఐగుప్తులో వాళ్ళకి రోజుకి ఇన్ని ఇటుకలని లెక్క ఉండేది. గడ్డి ఇవ్వడం మానేశాక కూడా అదే లెక్క. లెక్క తగ్గితే దెబ్బలు. అక్కడినుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఒక రోజు పని మానితే ఏదో ముంచుకొస్తుందనే వణుకు ఒంట్లోంచి ఇంకా పోలేదు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం విశ్రాంతి దినానికి చెప్పే కారణం కూడా అదే: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, దేవుడు బయటికి తెచ్చాడు, అది గుర్తుంచుకోండి.

మీ ఇంటికి రోజూ ఫైనాన్స్ మనిషి వస్తాడు. అతనికి ఆదివారం లేదన్నారు. ఆ లెక్క మీ నరాల్లో పాకిపోయింది. అందుకే పూజలో కూడా ఆగలేదు. మీకు నమ్మకం లేదని నేను అనను. ఖాళీ గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళిన ఆ మనుషుల మీద దేవుడు మన్నా కురిపించడం మానలేదు. నలభై ఏళ్ళు కురిపించాడు.

మీ అత్తగారి మాటకి నాకు కోపం రాలేదు. కష్టం తెలిసిన మనిషి అన్న మాట అది. దేవుడొచ్చి దోసెలు వేయడు, మీరే వెయ్యాలి. కానీ ఒకటి గమనించండి. మధ్యాహ్నం పప్పు నానబెడతారు. రాత్రి రుబ్బి, కడిగిన ఇడ్లీ రవ్వ కలిపి, ఉప్పేసి, మూతపెట్టి పడుకుంటారు. మూడున్నరకి మూత తీస్తే పిండి గిన్నె అంచు దాకా పొంగి, మధ్యలో చిన్న చిన్న కన్నాలతో, పుల్లటి వాసన వేస్తూ ఉంటుంది. ఆ పొంగు మీ చేతుల్లోది కాదు. మీరు పడుకున్నాకే అది జరిగింది. పడుకోకుండా గిన్నె పక్కన కూర్చుని గంటకోసారి గరిటె పెట్టి కలిపితే పిండి ఇంకా త్వరగా పులుస్తుందా? మార్కు 4వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన రైతు కూడా విత్తనం చల్లి పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. 127వ కీర్తనలో దేవుడు తన ప్రియులకి నిద్రనిస్తాడని ఉంటుంది. అదే మాటని, వాళ్ళు నిద్రపోతుండగా ఇస్తాడని కూడా అనువదిస్తారు. మీ వంటింట్లో రెండో అర్థం రోజూ నిజమవుతోంది.

నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు ఒక అబద్ధం మాత్రం మీకు చెప్పను. ఆదివారం మూస్తే సోమవారం గిరాకీ రెట్టింపవుతుందని ఎవరైనా సాక్ష్యం చెప్తే వినండి, సంతోషించండి, దాని మీద మాత్రం అప్పు చేయకండి. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని పన్నెండేళ్ళు జాకెట్లు కుట్టాను. ఒక మాఘమాసం, ముహూర్తాల రోజుల్లో, ఇకనుంచి ఆదివారం కుట్టకూడదని అనుకున్నాను. శనివారం రాత్రి మిషన్ మీద దుప్పటి కప్పేసేదాన్ని. ఒక ఇంటివాళ్ళు శనివారం పొద్దుపోయాక నాలుగు జాకెట్లు తెచ్చి, ఆదివారం సాయంత్రానికి కావాలన్నారు. సోమవారం మధ్యాహ్నానికి ఇస్తానన్నాను. గుడ్డలు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో తర్వాత ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, ఒక్క జాకెట్టు నా దగ్గరికి రాలేదు. ఆ నష్టం నష్టంగానే మిగిలింది. దానికి బదులు ఇంకో ఇల్లు వచ్చిందని చెప్పడానికి నాకు ఏమీ లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నాలు మా చిన్నవాడు ఆ దుప్పటి కిందకి దూరి, మిషన్ కాలి పలక మీద కూర్చుని, అది తన ఇల్లనేవాడు. మిగతా ఆరు రోజులూ ఆ పలక మీద నా కాళ్ళుండేవి. వాడికిప్పుడు ముప్పై ఏళ్ళు. ఆ ఇంటి సంగతి ఇంకా చెబుతాడు.

ఇప్పుడు మీ లెక్కల దగ్గరికి వస్తాను. ఈసారి పూజలో లెక్కలు వస్తే వాటిని తరిమేయాలని చూడకండి. తరిమేకొద్దీ ఈగల్లా మళ్ళీ వాలతాయి. కానుకలు సమర్పించే సమయం దాకా రానివ్వండి. అప్పాన్నీ ద్రాక్షరసాన్నీ పీఠం దగ్గరికి తీసుకెళ్తున్నప్పుడు మనసులో ఆ అంకెని దేవుడి ముందు పెట్టండి. ప్రభువా, ఈ రోజు నాకు రాని నాలుగున్నర వేలు ఇవి, నీకే ఇస్తున్నాను, నాకు భయంగా ఉంది, ఆ భయం కూడా తీసుకో అని చెప్పండి. కానుక పళ్ళెంలో మీరు ఎంత వేస్తారో నాకు తెలియదు, కానీ ఆ చర్చిలో ఆ రోజు అంత పెద్ద కానుక ఇచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పరాకు అనుకుని మీరు సిగ్గుపడిన ఆ లెక్కే మీ చేతిలో ఉన్న కానుక. అవసరమైతే ఆ పూజలోనే నాలుగుసార్లు ఇవ్వండి, మళ్ళీ వెనక్కి తీసుకున్నట్టు అనిపించినప్పుడల్లా.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. విశ్రాంతి ఆజ్ఞలో నువ్వు అన్న మాట దగ్గరే దేవుడు ఆగలేదు. నీ కొడుకు, నీ కూతురు, నీ పనివాడు, నీ పనిమనిషి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఊళ్ళో ఉన్న పరదేశి అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. నీ పనివాళ్ళు కూడా నీలాగే విశ్రాంతి తీసుకోవాలి అన్నాడు. మీ దగ్గర గిన్నెలు తోమే పిన్నికీ, పూరీలు ఒత్తే ఆవిడకీ ఆదివారం సెలవిస్తే వాళ్ళ ఆ రోజు కూలి ఏమవుతుంది? మీ నమ్మకానికి ఖర్చు వాళ్ళు కట్టకూడదు. వాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచినా సరే. సెలవు రోజు కూలి ఇవ్వండి. మొత్తం ఇవ్వలేకపోతే సగమైనా ఇవ్వండి, వారం ముందే చెప్పండి. ఇది చేయలేనంత ఇబ్బందిగా ఉంటే ఇంకో నెల ఆగి మొదలుపెట్టండి కానీ, వాళ్ళ పొట్ట కొట్టి మాత్రం మొదలుపెట్టకండి.

అన్ని ఆదివారాలూ ఒకేసారి మూయమని నేను చెప్పను. అప్పు తీరేదాకా నెలకి ఒక్క ఆదివారం చాలు. నెలలో మొదటి ఆదివారం అనుకోండి. ఆ రోజు ఫైనాన్స్ కి కట్టే ఐదొందలు ముందే కూడబెట్టాలి. రోజుకి 20 రూపాయలు విడిగా ఒక డబ్బాలో వేస్తే 25 రోజుల్లో 500 అవుతాయి. పనివాళ్ళ కూలికి ఇంకో డబ్బా. ఆరో రోజు రెండింతలు ఏరుకోవడమంటే మనకి ఇదే. పైగా గల్లాలో కనిపించే నాలుగున్నర వేలూ మిగులు కాదు కదా. పప్పు, నూనె, గ్యాస్, కొబ్బరికాయలు తీసేస్తే నిజంగా మిగిలేది ఎంతో ఒక ఆదివారం కూర్చుని రాసి చూడండి. భయం ఎప్పుడూ గల్లా అంకె చూపిస్తుంది, మిగులు అంకె చూపించదు. మీ ఆయనతో కూర్చుని ఇద్దరూ రాయండి. ఆయన ఒప్పుకోకుండా మీరొక్కరే మూస్తే ఇంట్లో రోజంతా టెన్షన్, అది ఎవరికీ విశ్రాంతి కాదు.

గిరాకీ పోతుందన్న భయానికి ఒక మాట. మంగళవారం సెలూన్లు మూసి ఉంటాయని మన ఊళ్ళలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఎవరైనా కోప్పడతారా? బుధవారం వెళ్తారు. ఎప్పుడు మూస్తారో తెలియని షాపు మీదే జనానికి విసుగు. నెలంతా కనిపించేలా పలక మీద సుద్దముక్కతో రాసి కట్టండి: మొదటి ఆదివారం సెలవు.

ఇంకొక చిక్కు ఉంది, వంట పని చేసేవాళ్ళకే తెలిసేది. సోమవారం ఇడ్లీకి ఆదివారం మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి, రాత్రికి గ్రైండర్ వేయాలి. చెంబెడు నీళ్ళు పోసి పప్పు నానబెట్టినందుకు శ్రీసభ మిమ్మల్ని తప్పు పట్టదు. కానీ గ్రైండర్ వేశారంటే గిన్నెలు, చట్నీకి కొబ్బరి, రేపటి ఉల్లిపాయలు, అలా సాయంత్రమంతా షాపు మళ్ళీ మిమ్మల్ని లాక్కుంటుంది. నేనైతే ఆ సోమవారం ఒక్కరోజు ఉప్మా, పూరీలతో సరిపెట్టుకుంటాను. ఇడ్లీ మంగళవారం.

కాబట్టి మీకు పరీక్ష ఆదివారం పొద్దున రాదు. శనివారం మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, మినప్పప్పు డబ్బా మూత మీద చెయ్యి పెట్టినప్పుడు. అలవాటు ప్రకారం చెయ్యి దానంతట అదే పోతుంది. ఆ శనివారం డబ్బా తెరవకండి. కొలత గ్లాసు బోర్లించి పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, పక్క గదిలోకి వెళ్ళి ఒక గంట నడుం వాల్చండి. ఆదివారం పొద్దున అలారం పెట్టకపోయినా మీకు మూడున్నరకి మెలకువ వస్తుంది, ఒంటికి అలవాటు. అలాగే పడుకుని ఉండండి. పాప లేచాక ఇద్దరూ కలిసి పూజకి వెళ్ళండి. ఆ రోజు టిఫిన్ ఎవరు చేస్తారో ముందే అనుకోండి, మీరు మాత్రం కాదు. మీ అత్తగారికి ఓపికుంటే ఆవిడ్నే దోసెలు వేయమని అడగండి. ఆవిడ పెనం ముందు నిలబడితే మీరు పీట వేసుకుని కూర్చుని, వేడి వేడిగా తినండి. మీ చేత్తో వేయని దోసె మీరు తిని ఎన్నాళ్ళయిందో.